కిటికీకి కొలతలు

ముప్పై ఒక్క ఏళ్లు షిప్‌యార్డులో
ఓడల బొమ్మలు గీశాను.
పైనుంచి చూస్తే ఇలా, పక్కనుంచి ఇలా,
అడ్డంగా కోసి చూస్తే ఇలా.
రిటైరయిన మూడో వారం
మల్కాపురంలో మా పెరటికీ ఒకటి గీశాను.
పద్దెనిమిది అడుగులు, పన్నెండడుగులు.
చెట్టుకొక సున్నా, పొదకొక చుక్క,
మధ్యలో వంపు తిరిగిన ఇటుకల బాట.

నూకరత్నం మిషను ఆపకుండానే
కాగితం వంక చూసింది.
పళ్ల మధ్య గుండుసూది తీసి అంది:
"బావుంది. ఇది కాకి సూసే తోట.
మనకి రెక్కల్లేవు గదేటి.
ఒకపాలి వొచ్చి ఇక్కడ కూకో."

కూర్చున్నాను.
స్టూలు ఎత్తు పదిహేడు అంగుళాలు.
అక్కణ్ణించి నా బాట కనిపించనే లేదు.
ఆరు ఊచలు కనిపించాయి.
పక్కింటి ఏసీ డబ్బా, దాని కింద కారే పైపు,
గోడంతా నాచు,
గోడకీ డబ్బాకీ మధ్య
జానెడు యారాడ కొండ.
ఇరవై రెండేళ్లుగా
జాకెట్లకి చేతులు అతుకుతూ
తలెత్తినప్పుడల్లా ఆమె చూసింది ఇదా!
నేనెప్పుడూ అడగలేదు.

మర్నాడు గీతల్లేవు, కాగితం లేదు.
కొబ్బరీనెల చీపురు తలకిందులుగా పట్టుకుని
పెరట్లో చెట్టునై నిలబడ్డాను.
లోపల్నుంచి కత్తెరతో సైగలు.
ఎడమకి. ఇంకా ఎడమకి.
కొండకి అడ్డం రాకు.
కూకో, ఇప్పుడు మందారానివి.
లే, గన్నేరువి.
గోడమీంచి గౌరీసు తల పెట్టి
"ఏటి గురూ, డాక్టరు సెప్పాడేటి?" అన్నాడు.

ఏసీ డబ్బాకి ముందు గన్నేరు పడింది,
ఉప్పుగాలిని లెక్కచెయ్యదు.
వంటింటి కిటికీ పక్కన అరటి:
"అది కనపడక్కర్లేదు. వోనొచ్చినప్పుడు ఇనపడితే సాలు."
సూదిలో దారం ఎక్కించి అలిసిన చూపు
దూరం పోలేక ఆగేచోట కనకాంబరం.
మంచం వైపు నందివర్ధనం,
కరెంటు పోయిన రాత్రి
ఇంటికి కాస్త తెలుపుండాలి కదా.
సింహాచలం నుంచి సంపెంగ మొక్క తెస్తానన్నాను.
"ముక్కుకి కిటికీతో పనేటి?
వీధివైపు పెట్టు, పదిమందికీ."

మునగ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.
హుద్‌హుద్ రోజు అది విరిగి
ఈ కిటికీలోంచే లోపలికొచ్చింది.
పిలవని చుట్టంలా మిషను మీద పడుకుంది.
రేకులు ఎగిరిపోయి
ఆ పూట తోటే ఇంట్లో,
మేమే ఆరుబయట.

పోర్టు నుంచి బొగ్గుపొడి దిగే రోజుల్లో
ఆకులన్నీ పాత ఫొటోలో ఆకులు.
పైపు పట్టి కడుగుతాను.
ఓసారి బద్ధకించి
కిటికీకి కనిపించేవైపే కడిగాను.
సాయంత్రం సముద్రపు గాలి
కొమ్మల్ని ఇటు తిప్పి
ఉన్న సంగతి చెప్పేసింది.
ఆమె ఏమీ అనలేదు.
మిషను చప్పుడు కాస్త గట్టిగా వినిపించింది, అంతే.

గోడకీ అరటికీ మధ్య
రెండడుగుల జాగా మిగిలింది.
ఎన్‌ఏడీ దగ్గర నర్సరీలో బేరమాడి
పారిజాతం కుండీ తెచ్చాను.
దింపబోతుంటే
చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.
"అక్కడేటీ పెట్టకు."
ఎందుకన్నాను.
"ఆ రోజు సీపురట్టుకుని నిలబడ్డావు గదా,
అక్కడే.
ఆ సెట్టు బావుంది."

కుండీ గౌరీసుకి ఇచ్చేశాను.
పొద్దున్న ఏడున్నరకి
లోపల మిషను ఆగిందంటే
పైపు పట్టుకుని, అక్కడే,
కదలకుండా నిలబడతాను.
కొండకి అడ్డం రాకుండా.